ఆగస్టులో సైకిళ్లు, సంక్రాంతికి ఎడ్లు: పానింగ్ నేర్చుకున్న నా అనుభవం

పానింగ్ గురించి ఎవర్నడిగినా చెప్పేది ఒకటే. షట్టర్ తెరిచి ఉండే సమయం 1/30 సెకను పెట్టు, బండితో పాటు కెమెరా తిప్పు, తిప్పుతూనే నొక్కు. బండి స్పష్టంగా వస్తుంది, వెనకాలదంతా గీతలైపోతుంది. చెప్పడానికి పది సెకన్లు చాలు. నా చేతికి రావడానికి మాత్రం 2024 ఆగస్టు నుంచి 2025 సంక్రాంతి దాకా పట్టింది. ఆ మధ్యలో ఏం జరుగుతుందో, డబ్బు ఎక్కడ పోతుందో, ఎక్కడ కెమెరా అమ్మేద్దామనిపిస్తుందో వరసగా రాస్తున్నాను. ఒక్కటి ముందే చెప్పేస్తాను. షట్టర్ లెక్క రెండు మూడు వారాల్లో తేలిపోయింది. మిగిలిన నెలలన్నీ ఎక్కడ నిలబడాలన్న ఒక్క ప్రశ్నకే సరిపోయాయి.

నేనుండేది విశాఖలో. పరవాడ వైపు ఒక ఫార్మా కంపెనీలో షిఫ్టు ఉద్యోగం. బి షిఫ్టు పడిన వారాల్లో పొద్దున పూట ఖాళీ. కెమెరా మా పెదనాన్నగారబ్బాయి వాడి పక్కన పెట్టేసిన పాత డీఎస్ఎల్ఆర్. సెకనుకి ఐదు ఫొటోలు తీస్తుంది, అంతకన్నా ఉరకదు. దానికి 55-250 మిల్లీమీటర్ల జూమ్ లెన్సు ఒకటి సెకండ్ హ్యాండులో తొమ్మిది వేలకి దొరికింది.

ఈ మోజు పుట్టింది ఎడ్ల వల్ల. మా అత్తగారి ఊరు అనకాపల్లి దగ్గర. పండగ రోజుల్లో ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఎడ్ల బండ్ల పరుగు పందేలు పెడతారు. 2024 సంక్రాంతికి వెళ్లి 1/1000 షట్టర్‌తో తీశాను. ఎడ్ల కాళ్లు గాల్లో ఆగిపోయాయి, రేగిన దుమ్ము ఆగిపోయింది, చక్రం ఆకులు లెక్కపెట్టుకోవచ్చు. మా బావమరిది చూసి, "బాగుంది గానీ బావా, పరిగెడుతున్నట్టు లేదు. పశువుల సంతలో కట్టేసినట్టుంది" అన్నాడు. కోపం వచ్చింది. నిజం కాబట్టే వచ్చింది. వచ్చే పండగకి ఈ ఎడ్లని పరిగెడుతున్నట్టే తీయాలని అప్పుడే అనుకున్నాను. అనుకున్నవాణ్ణి ఆగస్టు దాకా కెమెరా తీయలేదు, అది వేరే సంగతి.

ఆగస్టు 11, ఆదివారం. ఆర్కే బీచ్ రోడ్డు. పొద్దున్నే మోటారు బండ్లు రానివ్వని వేళలో సైకిళ్ల వాళ్లు గుంపులు గుంపులుగా వస్తారు. ఊరి వైపు ఫుట్‌పాత్ మీద, సముద్రానికి ఎదురుగా నిలబడ్డాను. సముద్రం వెనక ఉంటే అందంగా ఉంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. మోడ్ షట్టర్ ప్రయారిటీ, అంటే షట్టర్ మనం పెడితే మిగతాది కెమెరా చూసుకుంటుంది; దీన్ని కెనాన్ వాళ్లు టీవీ అంటారు, నికాన్, సోనీ వాళ్లు ఎస్ అంటారు. ఫోకస్ కదిలే వస్తువు వెంట పడేది: కెనాన్‌లో ఏఐ సర్వో, మిగతా వాటిలో ఏఎఫ్-సీ. షట్టర్ 1/30. వెనకనున్న చిన్న తెర మీద చూస్తే ఫొటోలన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయి. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో పెద్దవి చేసి చూస్తే ఒక్కటీ నిలబడలేదు. ఆ చిన్న తెర అబద్ధాలకోరు. అక్కడికక్కడే ఒకటి రెండు ఫొటోలని పూర్తిగా జూమ్ చేసి మనిషి కన్నో, చొక్కా మీద అక్షరమో చూసుకుంటేనే లోపం తెలుస్తుంది.

అయితే ఆ రోజు ఫొటోల్లో ఒకటి నన్ను ఆపింది. సైకిలు మీది అబ్బాయి ఫరవాలేదనిపించేంత స్పష్టంగానే ఉన్నాడు. ఫ్రేములో ఎడమ సగం వెనక మొక్కజొన్న పొత్తుల బండి, దాని గొడుగు, పక్కన రెండు స్కూటర్లు ఉన్నాయి. కుడి సగం వెనక ఒట్టి సముద్రం, ఒట్టి ఆకాశం. ఎడమ సగం గీతలు గీతలుగా జారిపోతోంది. కుడి సగం మాత్రం గోడకి సున్నం వేసినట్టు తెల్లగా, కదలకుండా ఉంది. ఒకే ఫొటో, ఒకే షట్టర్. సగం పరిగెడుతోంది, సగం నిలబడిపోయింది. జారడానికి వెనక ఏదో ఒకటి ఉండాలి కదా. ఖాళీ ఆకాశాన్ని ఎంత తిప్పినా ఖాళీ ఆకాశమే.

మర్నాడు రోడ్డు దాటి ఇసక వైపు నిలబడి ఊరి వైపు తిరిగాను. సూర్యుడు సముద్రం మీంచి వచ్చి నా వీపుకి తగులుతున్నాడు, సైకిళ్ల వాళ్ల మొహాలు వెలుగుతున్నాయి, వెనక గోడలు, చెట్లు, హోటళ్ల బోర్డులు, తీగల మీద పూలు. మూడు లేన్ల దూరం నడిచినందుకు వచ్చిన తేడా అది. తరవాత ఎన్ని సామాన్లు కొన్నా అంత తేడా రాలేదు.

ఇక ఒళ్లు. పానింగ్ చేతులతో చేసే పని అనుకుంటాం. నడుముతో చేసే పని. ఫొటో ఎక్కడ నొక్కాలనుకుంటున్నానో ఆ చోటుకి పాదాలు రెండూ తిప్పి నిలబడాలి. తరవాత పాదాలు కదపకుండా నడుము మాత్రం బండి వచ్చే వైపు మెలితిప్పి దాన్ని దూరం నుంచే పట్టుకోవాలి. అది దగ్గరకొస్తుంటే ఆ మెలిక విప్పుకుంటూ రావాలి. అప్పుడు నొక్కే చోట ఒళ్లు తిన్నగా, హాయిగా ఉంటుంది. బండి వచ్చే వైపే పాదాలు పెట్టి నిలబడితే సరిగ్గా నొక్కే సమయానికి నడుము బిగుసుకుపోయి కెమెరా కిందికో పైకో ఊగుతుంది. మోచేతులు డొక్కలకి ఆనించాలి, ఎడం చెయ్యి లెన్సు కింద ఉండాలి. నొక్కేశాక కూడా ఆపకుండా బండి వెంట ఇంకాస్త తిరగాలి. మొదట్లో నొక్కగానే నా చేతులు ఠక్కున ఆగిపోయేవి. పెదవి కొరుక్కుని, ఊపిరి బిగబట్టి తీసినవన్నీ పోయాయి. ఊపిరి వదులుతూ తీసినవి కాస్త నయం. మొదటి వారం తరవాత కుడివైపు నడుము పట్టేసి, రాత్రి షిఫ్టులో కుర్చీలోంచి లేవలేకపోయాను. ఇది ఎవరూ చెప్పలేదు, అందుకే రాస్తున్నాను. వెళ్లేముందు నాలుగుసార్లు నడుం అటూ ఇటూ తిప్పుకోండి.

బీచ్‌లో వచ్చే సైకిళ్లతో ఇబ్బందేంటంటే ఒక్కోటి ఒక్కో వేగం. తప్పు నాదో, వేగానిదో తెలియదు. అందుకని మా అక్క కొడుకుని పట్టుకున్నాను. ఆరో తరగతి. ఆంధ్రా యూనివర్సిటీ వైపు ఖాళీగా ఉండే రోడ్డు మీద వాణ్ణి సైకిలెక్కించి అటూ ఇటూ తిప్పాను. ఒకే మనిషి, దాదాపు ఒకే వేగం, ఒకే దూరం. 1/125 దగ్గర మొదలుపెట్టి ఒక్కో మెట్టు దిగుతూ వచ్చాను. 1/125 దగ్గర చాలావరకు స్పష్టంగానే వస్తాయి గానీ చక్రాలు సరిగా తిరగవు, వెనక గోడ కొంచెం మసకబారినట్టుంటుందంతే. 1/60 దగ్గర అందం మొదలైంది. 1/30 దగ్గర చాలా అందం, చాలా నష్టం. 1/15 దగ్గర నాకు దక్కినవన్నీ దేవుడిచ్చినవే. మామూలుగా తొక్కే సైకిలు గంటకి 20 కిలోమీటర్లు పోతుందనుకుంటే 1/30 సెకనులో అది జానెడు దూరం జరుగుతుంది. ఆ జానెడూ నా కెమెరా కూడా సరిగ్గా దానితోనే జరగాలి. ఈ లెక్క వేసుకున్నాకే నా మీద నాకు కాస్త జాలి కలిగింది.

"మావయ్యా, ఇంకెన్ని రౌండ్లు?" అని వాడు. రౌండ్లకి జీతం సాయంత్రం బీచ్‌లో ముంత మసాలా. వాడు బేరం బాగా నేర్చుకున్నాడు, ఒక ముంత రెండయింది. ఈ ఖర్చు ఎక్కడా రాసుకోలేదు గానీ తరవాత కొన్న ఫిల్టరు ఖర్చు దాటిపోయి ఉంటుంది.

వాడితోనే ఇంకోటి తెలిసింది. రోడ్డు పక్కనే నిలబడి వాణ్ణి దగ్గరగా తీస్తే వాడి మొహం స్పష్టంగా ఉండి వెనక చక్రం దగ్గర కెరియరు చెదిరిపోయేది. రోడ్డు అవతలికి, ఇంకా వెనక్కి జరిగి లెన్సు బాగా జూమ్ చేస్తే ముందు చక్రం నుంచి వెనక మడ్‌గార్డ్ దాకా ఒకేలా వచ్చేది. దగ్గర్నుంచి చూస్తే బండి మన ముందు తిరుగుతూ పోతుంది. దాని ముందు భాగం ఒక కోణంలో, వెనక భాగం ఒక కోణంలో కదులుతాయి. దూరం నుంచి అన్నీ కలిసి ఒక్కటిగా పోతాయి. సరిగ్గా మన ముందుకొచ్చి అడ్డంగా పోయే ఆ చిన్న ముక్కలోనే దూరం దాదాపు మారదు, ఫోకస్‌కీ తేలిక. అక్కడ నొక్కాలి.

ఆగస్టు చివరికొచ్చేసరికి వేరే తలనొప్పి. ఎండెక్కితే 1/30 పెట్టగానే కెమెరా లెన్సులో వెలుగొచ్చే రంధ్రాన్ని ఎఫ్/22 దాటించి మూసేస్తోంది (ఈ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది), అదీ చాలక అంకె మెరుస్తూ హెచ్చరిస్తోంది. ఫొటో తెల్లగా వెలిసిపోతోంది. వెలుతురుకి కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే ఐఎస్ఓ అంకె 100 కంటే కిందికి పోదు. పైగా అంత చిన్న రంధ్రంతో తీసేసరికి సెన్సర్ మీది ధూళి మచ్చలు బయటపడ్డాయి. చిత్రం చూడండి: ఆ ఫొటోలో చెట్లు, గోడలు, మనుషులు అన్నీ గీతలైపోయాయి, ఈ నల్ల మచ్చలు మాత్రం చెక్కుచెదరకుండా నిలబడ్డాయి. అవి కెమెరాతోనే తిరుగుతాయి కాబట్టి వాటికి పానింగ్ లేదు. సెన్సర్ క్లీనింగుకి ఒక షాపులో ఎనిమిది వందలు తీసుకున్నారు. సాయంత్రానికి ఇస్తామన్నది నాలుగో రోజుకి ఇచ్చారు.

మందు ఎన్‌డీ8 ఫిల్టరు. లెన్సు ముందు బిగించే నల్ల అద్దం, వెలుతురుని మూడు స్టాపులు, అంటే ఎనిమిదో వంతుకి తగ్గిస్తుంది. నా లెన్సుకి 58 మిల్లీమీటర్లది కావాలి. పద్దెనిమిది వందలు పెట్టి ఆర్డర్ చేస్తే వారం పైనే పట్టింది. ఈలోగా సెప్టెంబరు వానలు పట్టుకున్నాయి. కెమెరా బయటికి తీయలేమని ఏడుస్తూ కూర్చున్నాను గానీ, తీరా ఒక పొద్దున ముసురు కాస్త తెరిపిచ్చాక వెళ్లి చూస్తే పానింగ్‌కి అంతకన్నా మంచి వెలుగు లేదు. మబ్బు వల్ల ఏ ఫిల్టరూ లేకుండానే 1/30 వచ్చేస్తోంది. తడి రోడ్డు మీద ఎర్ర ఆర్టీసీ బస్సు నీడ కూడా కింద గీతలుగా పారుతోంది. గొడుగేసుకుని స్కూటర్ వెనక కూర్చున్న ఒకావిడ ఫొటో ఆ రోజుదే, ఇప్పటికీ మా ఇంట్లో అందరికీ నచ్చింది అదే. ఫిల్టరు వచ్చేనాటికి వానలు తగ్గాయి. ఒక జాగ్రత్త: ఎన్‌డీ బిగించాక కన్ను పెట్టి చూసే వ్యూ ఫైండర్ చీకటిగా ఉంటుంది, కళ్లకి కొన్నాళ్లు అలవాటు కావాలి.

మోనోపాడ్, అంటే ఒంటికాలి స్టాండు, కూడా ఒకటి కొన్నాను, పన్నెండు వందలకి. పైకీ కిందికీ ఊగడం తగ్గుతుందన్నారు. తగ్గిన మాట నిజమే, కానీ రోడ్డు కొంచెం వాలుగా ఉంటే కెమెరా కూడా వాలుగా పోతుంది. గుంపులో దాన్ని పాతడానికి చోటుండదు. ఇప్పుడు మా ఆవిడ దాంతో అటక మీది సాలెగూళ్లు దులుపుతోంది. లెన్సులో ఉండే వణుకు నివారణ గురించి కూడా అడుగుతుంటారు. కొన్ని లెన్సులకి దానికి రెండో మోడ్ ఉంటుంది, అది పక్కకి తిప్పడాన్ని వదిలేసి పైకీ కిందికీ ఊగే వణుకునే ఆపుతుంది. ఉంటే పెట్టుకోండి. నా దానికి ఆన్, ఆఫ్ మాత్రమే ఉన్నాయి. ఆన్‌లోనే ఉంచాను, ఏ గొడవా రాలేదు.

అక్టోబరు, నవంబరు ఆటోల మీద గడిచాయి. ఎన్ఏడీ జంక్షన్ దగ్గర సాయంత్రం ఐదున్నర దాటాక, దుకాణాల లైట్లు వెలిగి ఆకాశం ఇంకా నీలంగా ఉన్న ఆ కాసేపట్లో, పసుపు పచ్చ ఆటో వెనక ప్రతి బల్బూ ఒక పొడవాటి దారమవుతుంది. ఒకసారి కానిస్టేబులొచ్చి "ఏం చేస్తున్నావ్, అందర్నీ తీస్తున్నావ్?" అని కెమెరా చూపించమన్నాడు. చూపించాను. వరసగా పది ఫొటోలు చూసి, "ఒక్కటీ సరిగా రాలేదు కదయ్యా, అన్నీ చెదిరిపోయాయి" అని నా మీద జాలిపడి పంపేశాడు. ఆ పదీ నిజంగానే చెదిరిపోయినవి. ఇంకో సంగతి, విశాఖలో నేవీ వాళ్ల స్థలాల దగ్గర కెమెరా పైకెత్తకూడదు. బోర్డులుంటాయి, చూసుకోండి.

నవంబరులో బాగా విసుగొచ్చింది. గంటలకొద్దీ నిలబడడం, రాత్రి కూర్చుని వందల ఫొటోలు తుడిపేయడం. రా అనే కుదించని పెద్ద ఫైళ్లుగా తీస్తే ఒక్కోటి పాతిక ఎంబీ. పైగా వరసగా ఆరేడు నొక్కేసరికి కెమెరా ఆయాసపడి ఆగిపోయేది, సరిగ్గా మంచి బండి వచ్చినప్పుడే. జేపీఈజీకి మారాక ఆ బాధ తగ్గింది. దానికంటే మేలు చేసింది ఇంకోటి. వచ్చిన ప్రతిదాన్నీ తీయడం మానేశాను. ముందు వెనకాల చూసుకుంటాను: రంగులున్నాయా, ముదురూ లేతా కలిసి ఉన్నాయా, ఆ బండి రంగు అందులో కలిసిపోతుందా. ఆ చోటు దొరికాకే బండి కోసం కాపు కాస్తాను. ఆకుల మధ్యనుంచి ఎండ చుక్కలు చుక్కలుగా పడే చెట్టు, సినిమా పోస్టర్లంటించిన గోడ, పూల దుకాణాల వరస. ఇలాంటి వాటి ముందు పాత లూనా పోయినా విమానంలా ఉంటుంది. ఒట్టి కాంక్రీటు గోడ ముందు రేసు బైకు పోయినా అంతంతమాత్రం.

డిసెంబరులో కొన్నాళ్లు ఫోన్‌తో ప్రయత్నించాను. ప్రో మోడ్‌లో షట్టర్ 1/30కి తేవచ్చు, సాయంకాలాలు బాగానే వస్తాయి. కానీ ఫోన్‌ని వేగంగా తిప్పితే కరెంటు స్తంభాలు ఒక పక్కకి ఒరిగిపోతాయి. సెన్సర్ ఫొటోని ఒకేసారి కాకుండా వరస వరసగా చదువుతుంది కాబట్టి. ఇది కొత్త రోగం కాదు. 20వ శతాబ్దం మొదట్లో లార్టీగ్ అనే ఫ్రెంచి కుర్రాడు రేసు కారు వెంట కెమెరా తిప్పి తీసిన ఫొటోలో చక్రం ముందుకి ఒరిగి కోడిగుడ్డులా ఉంటుంది, జనం వెనక్కి ఒరిగి ఉంటారు. ఆ కాలపు షట్టర్‌లో వెలుగొచ్చే సన్నని చీలిక నెమ్మదిగా దిగేది. ఆయనకి ఆ ఒరుగుడే పేరు తెచ్చింది. నా స్తంభాలకి అంత అదృష్టం లేదు.

2025 జనవరి 4న ఆర్కే బీచ్‌లో నేవీ విన్యాసాలు జరిగాయి. ఊరు ఊరంతా అక్కడే. హెలికాప్టర్లు తీశాను. షట్టర్ వేగం ఎక్కువ పెడితే రెక్కలు ఆగిపోయి బొమ్మ హెలికాప్టరులా ఉంటుంది, 1/100 దగ్గర రెక్కలు చక్కగా తిరుగుతాయి. కానీ వెనక ఆకాశమే, గీతల్లేవు. ఆగస్టులో సముద్రం చెప్పిన మాటే.

జనవరి 16, ముక్కనుమ. ఊరి పేరు రాయను, వాళ్లు అడిగారు. కోతలైపోయిన మళ్లని చదును చేసి తిన్నని దారి వేశారు, రెండు వైపులా తాళ్లు కట్టారు. బండ్లు ఒకేసారి కాదు, ఒక్కొక్క జతే పరిగెడుతుంది, గడియారం పట్టి సమయం చూస్తారు. అంటే ఒక్కో బండి నా ముందు రెండు మూడు సెకన్లు. రెండోసారి రాదు. పది గంటలకి మొదలన్నారు. పెద్దలొచ్చి, శాలువాలు కప్పుకుని, మైకులో మాట్లాడి, మొదటి బండి వదిలేసరికి ఒంటిగంట దాటింది. నేను తొమ్మిదికే వెళ్లాను. నాలుగు గంటలు ఎండలో నిలబడ్డాను. మీరెళితే నీళ్లు, టోపీ, అరటిపళ్లు పట్టుకెళ్లండి. పొద్దుటి మెత్తని వెలుగు కోసం వేసుకున్న లెక్కలన్నీ పోయాయి. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ ఎన్‌డీ ఫిల్టరు లేకపోతే 1/60 దగ్గర రంధ్రం మళ్లీ బాగా మూసుకుపోయేది.

అయితే ఆ నాలుగు గంటలు చోటు వెతుక్కోవడానికి పనికొచ్చాయి. ఫొటోలూ, వీడియోలూ తీసేవాళ్లందరూ గెలుపు గీత దగ్గర చేరారు. అక్కడ వెనకంతా షామియానా, ఫ్లెక్సీలు, ఆపిన బైకులు. నేను దారి వెంట నడుచుకుంటూ పోయాను. మధ్యలో అవతలి గట్టు మీద ఆడవాళ్లు, పిల్లలు వరసగా కూర్చున్నారు. పండగ చీరలు: ఆకుపచ్చ, గులాబీ, పసుపు, ముదురు ఎరుపు, మధ్య మధ్య తెల్ల పంచెలు. సూర్యుడు నా వెనకవైపు. అంతకన్నా ఏం కావాలి. ఇవతల గట్టు మీద తుండు చుట్టుకుని కూర్చున్న ముసలాయన, "ఏటి బాబూ, అందరూ అక్కడుంటే నువ్విక్కడేటి సేస్తన్నావు?" అన్నాడు. చెప్పాను. "మంచిదే సేసినావు. ఆ తాటిసెట్టు దాటితేనే ఎడ్లకి జోరు. గెలుపు కాడికెల్లీసరికి అలిసిపోతాయి" అని పక్కకి జరిగి చోటిచ్చాడు. ఐదు నెలలు నేను కెమెరాతో నేర్చుకున్న దానికి ఆయన ఒక తాటిచెట్టు కలిపాడు.

తాడు దగ్గర కాకుండా బాగా వెనక్కి, గట్టు మీదికి జరిగి లెన్సు 135 దగ్గర పెట్టాను. తాడు దగ్గరైతే ఎద్దు మూతి వస్తే బండి పోతుంది, పైగా సెల్‌ఫోన్ల చేతులు అడ్డం. షట్టర్ 1/60, ఐఎస్ఓ 100, ఫిల్టరుతో ఎఫ్/7.1 దగ్గర పలికింది. మొదటి రెండు బండ్లూ పోయాయి. ఎద్దు సైకిలు కాదు. గెంతుకుంటూ పరిగెడుతుంది, తల పైకీ కిందికీ విసురుతుంది. తల మీద ఫోకస్ పెడితే నా కెమెరా కూడా దానితో పైకీ కిందికీ ఊగింది. కళ్లతో చూస్తూ ఉంటే తెలిసింది, మూపురం దగ్గర ఊపు తక్కువ. బండ్లు నాకు కుడి నుంచి ఎడమకి పోతున్నాయి కాబట్టి దగ్గరగా కనిపించేది దాపటెద్దు. దాని మూపురం, కాడి కలిసే చోట ఫోకస్ బిందువు ఆనించి, అక్కణ్ణించి కన్ను తిప్పలేదు. 1/80కి మార్చాను. బండికీ బండికీ మధ్య పావుగంట పైనే పడుతోంది. ఈలోగా దుమ్ము అణిగేది. ముల్లుకర్ర వాడితే బండి తీసేస్తామని మైకులో పదే పదే అరుస్తున్నారు. అయినా ఒకరిద్దరి చేతుల్లో ఏదో మెరిసింది. ఆ బండ్లు వచ్చినప్పుడు నేను కెమెరా దించేశాను. నాకు నచ్చలేదు, అంతే.

సాయంత్రం నాలుగున్నరకి ఒక తెల్ల జత వచ్చింది. తాటిచెట్టు దగ్గర పట్టుకున్నాను, నడుము విప్పుకుంటూ వచ్చాను, గట్టు మీది చీరలు మొదలయ్యే చోట నొక్కి, అవి అయిపోయేదాకా వదల్లేదు. ఊపిరి వదిలిన సంగతి గుర్తుంది.

రాత్రి మా అత్తగారింట్లో ల్యాప్‌టాప్‌లో చూశాం. రోజంతా కలిపి ఉంచుకోదగినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ తెల్ల జతదే మంచిది. మూపురం, కాడి, మెడలో పట్టెడ మీది ఇత్తడి గంట, పగ్గాలు పట్టిన మనిషి పిడికిలి, ఇవి స్పష్టంగా ఉన్నాయి. తలలు కొంచెం చెదిరాయి. కాళ్లు లేవు, నాలుగు పొగలున్నాయంతే. చక్రం పళ్లెమైపోయింది. వెనక చీరలన్నీ నేసిన బట్ట అంచులా బారుగా సాగిపోయాయి. తలలు చెదిరాయని తుడిపేసేవాణ్ణే, ఆగస్టులో అయితే. ఇప్పుడు ఉంచుకున్నాను. మూపురం నిలబడితే చాలు, తల ఊగుతోందంటే ఎద్దు పరిగెడుతోందనే. మా బావమరిది చాలాసేపు చూసి, "ఇప్పుడు పరిగెడుతోంది" అన్నాడు. వాడి నోటివెంట మెచ్చుకోలు అంతకన్నా రాదు.

12×18 సైజులో రెండు ప్రింట్లు వేయించి, ఫిబ్రవరి మొదటి వారంలో ఆ ఎడ్ల రైతు ఇంటికెళ్లి ఒకటిచ్చాను. ఆయన పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. "కాళ్లేవి?" అన్నాడు. చెప్పాను. తలాడించాడు గానీ మొహంలో సమాధానం కనపడలేదు. అప్పుడు ఫోన్‌లో నిరుటి ఫొటోలు చూపిస్తుంటే 1/1000తో తీసిన వాటి దగ్గర ఆపేశాడు. అందులో ఆయన ఎడ్లే ఉన్నాయి. నాకు తెలియదు, ఆయన గుర్తుపట్టాడు. కొమ్ముల కుచ్చులు, గిట్టలు, నుదుటి మచ్చ, అన్నీ లెక్కగా ఉన్నాయి. "ఇదీ ఫొటో అంటే. ఇది పంపించు బాబూ, వచ్చే ఏడు ఫ్లెక్సీకి ఏయిస్తాను" అన్నాడు. పంపించాను.